పిన్ని వరస

తాళం రెండు తిప్పులు తిరిగింది. మొదటిది టక్కుమని, రెండోది కాస్త నిదానంగా. తర్వాత పిన్ని చెప్పుల చప్పుడు లిఫ్టు దాకా వెళ్లింది. లిఫ్టు తలుపు మూసుకుంది. మెత్తనమ్మ తలకు గుడ్డ కట్టుకుని, జాకెట్టు చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని, బకెట్టు కుళాయి కింద పెట్టింది.

మెత్తనమ్మ ఆమె అసలు పేరు కాదు. కింద మెట్ల చాటున కూర్చుని మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునే పనివాళ్లు పెట్టిన పేరు. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటుందనీ, ఎవరి వంతు నీళ్లైనా తనే మోసిపెడుతుందనీ అలా పిలుస్తారు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధేస్తుందని సామెత ఉంది కదా, ఆ సామెతకు కాళ్లూ చేతులూ మొలిస్తే అచ్చం ఇలాగే ఉంటుందని ఎదురు బ్లాకులో పనిచేసే గలగల అంటూ ఉంటుంది. గలగలకు ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పిన్ని అంటే మెత్తనమ్మ తల్లికి చెల్లెలేమీ కాదు. ఆ ఇంటావిడ. పనిలో చేరిన మొదటి రోజునే, "అమ్మగారూ గిమ్మగారూ అనకు, నాకు వినబుద్ధి కాదు. పిన్నీ అని పిలువు, నోరారా" అంది. దాంతో ఆవిడ భర్త బాబాయి అయ్యాడు. వాళ్లిద్దరికీ బజార్లో బట్టల కొట్టుంది. బాబాయి పొద్దున్నే వెళ్లిపోతాడు, పిన్ని పదింటికి వెళ్లి ఒంటిగంటకు వస్తుంది. ఆ మూడు గంటలూ మెత్తనమ్మ నాలుగో అంతస్తులో ఒంటరిగా పని చేస్తుంది, తలుపుకు బయటినుంచి తాళం ఉంటుంది. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఆ రోజు సోమవారం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బాబాయి పాత స్నేహితులు కుటుంబాలతో వస్తున్నారు. అప్పటికి పెద్ద బాత్రూం మూలల్లో పేరుకున్న నలుపు పోవాలని పిన్ని చెప్పి వెళ్లింది. "నీ చెయ్యి పడితే అద్దమైపోతుందే" అని కూడా అంది. అలా అన్నాక ఆ నలుపును వదిలే మనిషి కాదు మెత్తనమ్మ. ముందు యాసిడ్ పోసి, పొడుగు బ్రష్షుతో రుద్దింది. పైపైన పోయింది కానీ టైల్స్ సందుల్లో గీతలు అలాగే ఉన్నాయి. రెండోసారి పోసింది. గీతలు కదల్లేదు. వంటింటి సింకు కింద బ్లీచింగ్ పొడి డబ్బా ఉందని గుర్తొచ్చింది. యాసిడ్‌ను నీళ్లతో కడిగితే దాని పదును పోతుందేమో అనుకుని, కడక్కుండానే దాని మీద ఆ పొడి గుప్పెడు చల్లింది.

బుస్సుమని నురగ లేచింది. దాని వెంట పచ్చగా ఒక ఆవిరి. ఏమిటా అని వంగి చూసింది, అదే తప్పయింది. ముక్కులోకి నిప్పు పోసినట్టయింది. గొంతు పట్టేసింది. కళ్లు తెరవలేక, గోడ తడుముకుంటూ బయటపడి బాత్రూం తలుపు లాగేసింది. అక్కడినుంచి ఆమె కాళ్లు వాటంతటవే వీధి తలుపు దగ్గరికి వెళ్లాయి. పిడి పట్టుకుని లాగింది. అది తనకు తెరుచుకోదని తెలుసు. తెలిసీ రెండు చేతులతో మళ్లీ మళ్లీ లాగింది.

చివరికి దగ్గుకుంటూ వెనక బాల్కనీలోకి వెళ్లి ఇనప గ్రిల్లు పట్టుకుని నిలబడింది. ఎదురు బ్లాకు మూడో అంతస్తులో గలగల గిన్నెలు తోముతోంది. ఇటు చూసి గిన్నె వదిలేసింది.

"ఏమైందే? ఏమే! అలా అయిపోయావేంటే?"

"వాసన... యాసిడ్..."

"బయటికి పోవే! మెట్ల మీదికి పో! అక్కడ నిలబడితే ఏమొస్తుంది?"

"తాళం వేసుందే!"

ఆ మాట నాలుగు బ్లాకులకూ వినబడింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ప్రాణం పోతోందా అన్నంత దగ్గులోనూ మెత్తనమ్మకు సిగ్గేసింది, ఏదో తప్పు చేసి నలుగురిలో దొరికిపోయినట్టు. గలగల గేటు దగ్గరి వాచ్‌మన్‌ని కేకేసింది. అతను తన దగ్గర తాళంచెవి లేదని చేతులు ఊపాడు.

మెత్తనమ్మ నడుమున దోపుకున్న ఫోన్ తీసి పిన్నికి చేస్తే, మూడోసారికి ఎత్తింది. కొట్లో జనం ఉన్నారట. కిటికీలన్నీ తెరిచి బాల్కనీలోనే ఉండమంది, అరగంటలో వచ్చేస్తానంది. అరగంట కాస్తా గంటా పది నిమిషాలైంది. అంతసేపూ మెత్తనమ్మ గ్రిల్లుకు మొహం ఆనించి, బయటి గాలిని కొంచెం కొంచెంగా లోపలికి పీల్చుకుంటూ నిలబడింది. ఎదురుగా గలగల కూడా తన పని మానేసి, ఏదో ఒకటి మాట్లాడుతూనే నిలబడింది.

వచ్చాక పిన్ని చేసిన సేవ చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. పాలు కాచి తాగించింది, వీపు రాసింది, తడిగుడ్డతో కళ్లు తుడిచింది. "నీకేమైనా అయితే నేనేమైపోవాలే పిచ్చిదానా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అవి దొంగ కన్నీళ్లు కావు. అదే వచ్చిన చిక్కు. ఆ చెయ్యి వీపు మీద ఉన్నంతసేపూ మెత్తనమ్మ, తాళం మాట ఎత్తడం కృతఘ్నత అవుతుందేమో అనుకుంటూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల చాటుకు సంఘం అక్క వచ్చింది. ఇరవై ఏళ్లు ఇళ్లు తుడిచి, ఇప్పుడు ఇళ్ల పనివాళ్ల సంఘం తరఫున భుజాన సంచీతో బ్లాకు బ్లాకూ తిరుగుతుంది. నేల తుడుపుకు మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి కింద కూర్చోలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటుంది. పదిహేను రోజుల కింద ఆవిడే అందరికీ కార్మిక కార్యాలయం ఫారాలు పంచింది. అవి ఇస్తే గుర్తింపు కార్డులొస్తాయి, కార్డులుంటే చట్టం వర్తిస్తుంది. మిగతావాళ్లకంటే రాత బాగా వచ్చునని ఫారాలు నింపే పని గలగల తన నెత్తికెత్తుకుంది.

సంఘం అక్క సంచీలోంచి కాగితాల కట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇరవై మూడూ వెనక్కొచ్చాయి" అంది.

"వెనక్కా? ఒక్క తప్పు లేకుండా రాశానక్కా!" అంది గలగల.

"తప్పు లేదు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. విను. 'యజమానితో సంబంధం' అని ఒక గడి ఉంది కదా. అందులో ఏం రాశావు? ఇదిగో, 'పిన్ని'. ఇది 'అక్క'. ఇది 'వదిన'. ఇది 'పెద్దమ్మ'. ఇదెవరిది, 'మామ్మ'?"

"నాదే" అంది ఒక ముసలామె మూలనుంచి. "ఆవిడ నాకంటే చిన్నదే. కానీ ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు."

"గుమాస్తా ప్రతిదాని మీదా ఎర్రసిరాతో ఒకే ముక్క రాశాడు. 'బంధువులు ఇంట్లో చేసుకునే పనికి ఈ చట్టం వర్తించదు.' అంటే ప్రభుత్వం లెక్కలో మీరు ఇరవై ముగ్గురూ చుట్టపుచూపుగా వచ్చి అంట్లు తోమి వెళ్తున్నారు."

అందరూ గొల్లుమన్నారు. గలగల తల కొట్టుకుంటూ నవ్వింది. ముసలామె, నవ్వెందుకో తెలియకపోయినా, నలుగురితో పాటు నవ్వింది. మెత్తనమ్మ నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు వినగానే మిగతావాళ్ల నవ్వు ఆగిపోయింది.

"గుమాస్తాను తిట్టి లాభం లేదు" అంది సంఘం అక్క. "మనం చెప్పిందే అతను నమ్మాడు. చట్టంలో వారానికో రోజు సెలవుంది. జబ్బు చేస్తే సెలవుంది. యాసిడ్ ముట్టుకోవడానికి చేతితొడుగులున్నాయి. అవన్నీ పనిమనిషికి. పిన్ని కూతురికి కాదు." ఆవిడ మెత్తనమ్మ వైపు తిరిగింది. "నిన్న ఎంతసేపున్నావే లోపల?"

"గంట పైనే ఉంటుందక్కా."

"ఏ పిన్ని అయినా కూతుర్ని లోపల పెట్టి తాళం వేసుకెళ్తుందా?"

"నా మంచికేనక్కా. ఎవరైనా వస్తారని భయం ఆవిడకి. చాలా మంచిదక్కా, నిన్న పాలు..."

"మంచిది కాదని నేనన్నానా? మంచిది కాబట్టే నీకు నోరు పెగలట్లేదు. గయ్యాళిదైతే ఎప్పుడో అడిగుండేదానివి. సరే, నీకు సొంత పిన్ని ఉందా?"

"ఉంది."

"ఆవిడని నువ్వంటావా, మీరంటావా?"

"నువ్వనే."

"మరి ఈ పిన్నిని?"

మెత్తనమ్మ క్యారేజీ మూత వేలితో తిప్పుతూ ఉండిపోయింది. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ నోటినుంచి 'పిన్నీ, నువ్వు' అని రాలేదు. రావాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

పని చేసే మనిషిని లోపల పెట్టి తాళం వేయడం నేరమనీ, ఫిర్యాదు రాసిస్తే కార్యాలయంవాళ్లు వచ్చి అడుగుతారనీ సంఘం అక్క చెప్పింది. అయితే రాయాల్సింది ఆ బాధ పడ్డ మనిషే. "నేను రాస్తే అది నా ఫిర్యాదవుతుంది" అంది.

"వద్దక్కా. నేనే అడుగుతా."

"అడుగు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక పిన్ని ఏం పెడుతుంది!"

కొత్త ఫారాలు పంచింది. అక్కడికక్కడే ఇరవై ఇద్దరూ ఆ గడిలో 'పనిమనిషి' అని రాయించుకున్నారు. మెత్తనమ్మ మాత్రం తనది నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. పిన్నిని అడిగాక రాస్తానంది.

సాయంత్రం ఇంట్లో విషయం చెబితే భర్త ముందు నవ్వేశాడు. సరుకుల వ్యాను నడిపి వచ్చి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు.

"తాళమేగా వేసింది. గొలుసేమీ వేయలేదుగా."

కూరగాయలు తరుగుతున్న అత్త కత్తిపీట ఆపింది. ఆవిడా ఒకప్పుడు ఇళ్లలో చేసిన మనిషే.

"నీకేం తెలుసురా. బండి తలుపు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుని దిగుతావు. లోపల ఉండి ఆ చప్పుడు వినేవాళ్లకి తెలుస్తుంది" అంది. కోడలి కళ్లు వెలిగాయి. అత్త మళ్లీ తరుగుతూ, "అలాగని అడిగి ఉన్న ఇల్లు పోగొట్టుకోకు. ఈ వయసులో కొత్త ఇల్లు పట్టుకోవడం నీ వల్ల కాదు" అని కూడా అంది. అడకత్తెరలో పోకచెక్కకు రెండు వైపులా కత్తే ఉంటుంది. ఆమెకు ఆ సాయంత్రం అలాగే ఉంది.

బుధవారం అడగాలనుకుంది. పిన్ని టీ తాగుతుంటే పక్కన నిలబడి "పిన్నీ" అంది. ఆవిడ తలెత్తి, "దగ్గు తగ్గిందా? నీకోసం ఇదిగో, కొత్త బకెట్టు తెచ్చా. పాతది పిడి ఊడింది కదా" అంది. నీలం బకెట్టు, లోతుగా, బాగుంది. దాన్ని పట్టుకుని, అడగాల్సిన మాట మింగేసింది. వంటగట్టు తుడుస్తూ మళ్లీ "పిన్నీ" అంది. "చెప్పమ్మా" అంది ఆవిడ. ఆ 'అమ్మా' వినేసరికి రెండోసారీ నోట మాట రాలేదు. మూడోసారి గుమ్మంలో అడగబోయేసరికి పిన్ని ఫోన్ మాట్లాడుతూనే తలుపు లాగేసింది. తాళం రెండు తిప్పులు తిరిగింది.

పదకొండేళ్లు ఆ చప్పుడు ఆమె చెవిలోనే పడేది. ఇప్పుడు కడుపులో పడుతోంది. హాలు ఊడుస్తూ తలుపు వంక చూసింది, సోఫాలు దులుపుతూ చూసింది. పెద్ద బాత్రూంలోకి అడుగుపెట్టలేకపోయింది. గుమ్మం బయటినుంచే వంగి, ఉత్త సబ్బునీళ్లతో చెయ్యి అందినంత మేర రుద్దింది. నలుపు ఎక్కడిదక్కడే ఉంది. మామూలుగా పన్నెండింటికల్లా అయ్యే పని ఒంటిగంటైనా తెమల్లేదు. ఎందుకంటే ప్రతి పది నిమిషాలకూ బాల్కనీలోకి వెళ్లి గాలి పీల్చుకుని వస్తోంది.

గురువారం ఎలాగో అడిగేసింది. కళ్లు మూసుకుని చేదుమందు మింగినట్టు, ఒక్క ఊపులో.

"పిన్నీ, రేపటినుంచి తాళం వేయకుండా వెళ్తారా? నాకు లోపల ఊపిరాడట్లేదు."

పిన్ని చేతిసంచీ భుజానికి తగిలించుకుంటున్నదల్లా ఆగింది.

"నామీద నమ్మకం లేదా నీకు?"

ఈ ప్రశ్న ఎటునుంచి వచ్చిందో మెత్తనమ్మకు అర్థం కాలేదు. నమ్మకం లేనిది ఎవరికి ఎవరి మీద?

"అది కాదు పిన్నీ..."

"బయట రోజులు ఎలా ఉన్నాయో తెలుసా? నువ్వొక్కదానివే ఉంటావు. ఎవడో ఒకడు బెల్లు కొడతాడు, నీ మెత్తదనానికి తలుపు తీసేస్తావు. ఇంటి మనిషివని ఇల్లంతా నీ చేతుల్లో పెట్టి వెళ్తుంటే, అడిగేది ఇదా?" పిన్ని గొంతు తగ్గించింది. "నాకన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఆ సంఘం ఆవిడ ఏవో కాగితాలు పంచుతోందట. అందులో నన్ను యజమాని అని రాస్తారట. నువ్వే చెప్పు, నేనెప్పుడైనా నీ దగ్గర యజమానిలా ఉన్నానా?"

"లేదు పిన్నీ."

"మరి? ఆ రోజు యాసిడ్ మీద బ్లీచింగ్ చల్లమని నేను చెప్పానా? జాగ్రత్తగా చేసుకుంటే ఏమీ కాదు." వెళ్తూ వెళ్తూ బుగ్గ మీద చిన్నగా తట్టింది. తాళం వేసింది.

మెత్తనమ్మకు కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. గలగల అయితే పిన్నిని కడిగిపారేసి ఉండేది. తన నోట్లో నాలుక లేదు. 'పిన్నీ' అన్నాక ఇంకేం అడిగినా అది మారాం అవుతోంది. పిల్ల మారాం చేస్తే పిన్ని బుగ్గ తట్టక ఏం చేస్తుంది? బాల్కనీలోకి వెళ్లి గ్రిల్లు పట్టుకుంది. ఎదురుగా గలగల లేదు.

శుక్రవారం పదింటికి పిన్ని హడావిడిగా తయారైంది. "ముందు పెద్ద బాత్రూం. తర్వాత హాల్లో సోఫా కింద, అద్దాలు, భోజనాల బల్ల. ఒంటిగంటకొచ్చి చూస్తా, నాలుగింటికి వాళ్లు వచ్చేస్తారు" అంటూ తాళంచెవి తీసుకుని గుమ్మం దాటింది. వెనక్కి తిరిగి తలుపు లాగబోతే, మెత్తనమ్మ కూడా ఆమె వెంటే బయటికి వచ్చేసింది. వచ్చి, గోడవారన విడిచిన తన చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ కాదండీ. ఇక్కడే మెట్ల మీద కూర్చుంటా. మీరు తాళం వేసుకుని వెళ్లి రండి."

"నువ్వు బయట కూర్చుంటే పనెవరు చేస్తారు?"

"మీరు తిరిగొచ్చి తలుపు తీశాక చేస్తానండీ."

"అండీ ఏంటి కొత్తగా? ఆటలాడుతున్నావా? ఇవాళ ఇంటికి మనుషులొస్తున్నారు."

"తాళం వేస్తే నేను లోపల ఉండలేనమ్మగారూ."

ఆ మాట ఆమె అనుకుని అన్నది కాదు. రాత్రంతా పక్క మీద తిప్పి తిప్పి చూసుకున్న మాటల్లో అది లేనే లేదు. కానీ అది నోటినుంచి ఊడిపడ్డాక, నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడ్డదేదో పక్కకు జరిగినట్టయింది.

పిన్ని మొహం పాలిపోయింది.

"ఏమన్నావు నన్ను?"

"పిన్నితో ఈ మాట చెప్పలేకపోతున్నానండీ. నిన్న చెప్పి చూశాగా. అమ్మగారితో అయితే చెప్పగలుగుతున్నా. పని మానేయనండీ, ఎంత పనైనా చేస్తా. తాళం వేసిన ఇంట్లో చేయను."

"పదకొండేళ్లు..." అంది పిన్ని. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పదకొండేళ్లు సొంతమనిషిలా చూసుకుంటే, ఇదా? ఇవాళా? కావాలనే ఇవాళ పెట్టుకున్నావు కదూ?"

కావాలని పెట్టుకోలేదు. కానీ కాదనడానికి మెత్తనమ్మ నోరు విప్పలేదు. విప్పితే మళ్లీ 'పిన్నీ' అనేస్తానని భయపడింది.

"అయితే కూర్చో. అక్కడే కూర్చో" అని పిన్ని ఖాళీ ఇంటికి తాళం వేసింది, రెండు తిప్పులూ. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి, ఆమె పక్కనుంచే చరచరా వెళ్లిపోయింది.

మెత్తనమ్మ మెట్టు మీద కూర్చుంది. ధైర్యం వచ్చేసిందనుకుంటే అది శుద్ధ అబద్ధం. ఇల్లు పోయినట్టే అనుకుంది. అత్తకు ఏం చెప్పాలో, ముందు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో అనుకుంది. పగటిపూట ఈ వేళకు చేతులు ఖాళీగా ఉండటం ఆమెకు అలవాటు లేదు. ఏం చేయాలో తోచక ఆ చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, కాసేపటికి మెట్ల కమ్మీ మీద దుమ్మును బొటనవేలితో తుడవడం మొదలుపెట్టాయి. చూసుకుని తనే లాక్కుంది.

పన్నెండు దాటాక గలగల క్యారేజీ పట్టుకుని పైకొచ్చింది. విషయం విని, జీవితంలో మొదటిసారేమో, నోరు తెరిచి మాట లేకుండా నిలబడిపోయింది. తర్వాత పక్కనే కూలబడి, "నువ్వా? నువ్వేనా?" అంది. క్యారేజీలోది సగం ఆమెకు పెట్టింది. మెత్తనమ్మ రెండు ముద్దలు తిని, జాకెట్లోంచి ఫారం తీసి మడతలు విప్పింది.

"ఇలా తే, నేను రాస్తా."

"నువ్వు రాయొద్దు తల్లీ. మళ్లీ నన్ను ఎవరి కోడలినో చేస్తావు. కలం ఇవ్వు చాలు."

కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుంది. ఆమె రాసి ఎన్నేళ్లయిందో. ఒక్కో అక్షరానికీ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, యజమానితో సంబంధం అన్న గడిలో 'పనిమనిషి' అని రాసింది. చివరి అక్షరం గీత దాటి బయటికి పోయింది. గలగల దాన్ని పట్టుకుని ఏమీ వేళాకోళం చేయలేదు. ఫారం తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

ఒంటిగంటకు లిఫ్టు తలుపు తెరుచుకుంది. మెత్తనమ్మ లేచి నిలబడింది. పిన్ని ఆమె వైపు చూడకుండా తాళం తీసి లోపలికెళ్లి, తలుపు వేయకుండా వదిలేసింది. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. లోపల ఇల్లు పొద్దున వదిలినట్టే ఉంది. బల్ల మీద ఎండిపోయిన టీ కప్పులు, సోఫా మీద దుమ్ము, దాని కింద ఎప్పటిదో కాగితం ముక్క. పిన్ని హాలు మధ్యలో నిలబడి గోడ గడియారం చూసింది. తర్వాత వాకిలి వైపు చూసింది.

"ఏం నిలబడ్డావు? ఇంక మూడు గంటలే టైముంది" అంది.

మెత్తనమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆ తర్వాత గంటసేపు ఆ ఇంట్లో పని చప్పుడే. హాలు, అద్దాలు, బల్ల. పిన్ని తనే సోఫా దిళ్లు బాల్కనీలోకి తీసుకెళ్లి దులిపింది. ఆవిడకు దులపడం రాదు. దుమ్ము తన మీదే పోసుకుంది. ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

రెండున్నరకు బాబాయి ఫోన్ చేశాడు. వచ్చేవాళ్ల కోసం చెప్పిన తినుబండారాలు ఎవరో ఒకరు వెళ్లి తెచ్చుకోవాలట, అతను కొట్టు వదిలి రాలేడట. పిన్ని విసుక్కుంటూ సంచులు తీసుకుంది. అప్పటికి మెత్తనమ్మ పెద్ద బాత్రూంలో ఉంది. కిటికీ బార్లా తెరిచి, యాసిడ్ జోలికి పోకుండా, పాత పళ్ల బ్రష్షుతో సందులు ఒక్కొక్కటే గీకుతోంది. పిన్ని బాత్రూం గుమ్మం దాకా వచ్చి ఆగింది. చేతిలో తాళంచెవి ఉంది.

"సోమవారం కూర్చుని మాట్లాడదాం" అంది. ఏ పిలుపూ లేకుండా, గోడతో చెప్పినట్టు.

"సరేనండీ."

అది మంచికో చెడుకో తెలియదు. సోమవారం 'రేపటినుంచి రావద్దు' అనొచ్చు. పిన్ని వెళ్లింది. మెత్తనమ్మ బ్రష్షు ఆపి, ఊపిరి బిగబట్టి వింది. వీధి తలుపు మూసుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆవిడ బయట నిలబడే ఉందని తెలుస్తోంది, తాళంచెవి చేతిలో పట్టుకుని. తర్వాత చెప్పుల చప్పుడు మొదలైంది, లిఫ్టు దాకా వెళ్లింది. లిఫ్టు కిందికి దిగింది.

తాళం తిరగలేదు.

మెత్తనమ్మ మడమల మీద కూర్చుని ఏడ్చింది. సంతోషానికో, సోమవారం భయానికో, పోయిన పిన్ని కోసమో ఆమెకే తెలియదు. మూడూ ఉన్నాయి. తర్వాత లేచి, తడి చేతులతోనే వెళ్లి, వీధి తలుపు పిడి తిప్పింది. తలుపు తెరుచుకుంది. వరండా ఖాళీగా ఉంది. బయటికి వెళ్లాలనిపించలేదు, అవసరం లేదు. తలుపు మూసి, లోపలినుంచి గడియ పెట్టుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఏ ఆడమనిషైనా చేసే పనే అది. పదకొండేళ్లలో ఆ ఇత్తడి గడియ మీద ఆమె చెయ్యి తుడవడానికి పడింది కానీ వేయడానికి ఎప్పుడూ పడలేదు.

వెళ్లి మిగిలిన సందులు గీకింది. ఈసారి ఒక్కసారి కూడా బాల్కనీలోకి వెళ్లలేదు. నలుపు కొంచెం కొంచెంగా, దారం ఊడినట్టు ఊడి వస్తోంది.

మూడుంబావుకు బయట లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పిడి తిరిగింది, తలుపు కదల్లేదు. మళ్లీ తిరిగింది. తర్వాత బెల్లు మోగింది.

"ఎవరండీ?" అంది మెత్తనమ్మ లోపలినుంచి.

బరువైన సంచులు నేల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

"నేనే. తలుపు తియ్యి" అంది పిన్ని. ఇంకో క్షణం ఆగి, గొంతు మార్చి, "తీస్తావా కాస్త?" అంది.

"వస్తున్నానండీ."

మెత్తనమ్మ బ్రష్షును బకెట్టులో వేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, వెళ్లి గడియ తీసింది.